తాతగారి పొట్ట కొలత

మార్చి 3, సోమవారం

వదిన వచ్చింది. ఒక సూట్‌కేసు, ఒక ఎండుగడ్డి మూట, ఒక బోను. బోనులో గినీ పిగ్. లైబ్రరీలో పిల్లల గదిలో ఏళ్ళ తరబడి ఉండి, ముసలిదై, ఎత్తుకున్న పిల్లల్ని కరవడం మొదలుపెట్టిందని వదిన ఇంటికి తెచ్చుకున్న జంతువు. ఇప్పుడు దానికి అరుగుదల లేదట. మూడు గంటలకోసారి ఎవరో ఒకరు తినిపించాలట. ఆవిడ పొద్దున్నే లైబ్రరీకి పోయి పుస్తకాలకి అట్టలు వేస్తుంది. నేను ఇంట్లో కూర్చుని బట్టలు కుడతాను. కాబట్టి ఆ ఎవరో ఒకరు ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

నా కటింగ్ టేబుల్‌ని నడవాలోకి జరిపేశారు. పదహారేళ్ళుగా కిటికీ పక్కన వెలుతురులో ఉన్న టేబుల్ అది. "అక్కకి ఆ గది ఇద్దాం, నెల రోజులే కదా" అన్నారు మావారు. అడిగి ఉంటే సరే అనేదాన్నే. అడగలేదు, అదీ నా మంట.

"ఇది ఎటో అటు తేలగానే నా గదికి నేను పోతాను పిల్లా. కోలుకుంటే దీంతో, లేదంటే ఒక్కదాన్నే" అంది వదిన, చెప్పులైనా విప్పకుండా.

"అయ్యో, అదేం మాట వదినా" అన్నాను. ఎంత త్వరగా తేలితే అంత మంచిది అనుకున్నాను. ఇక్కడ రాసుకునేది నాకోసమే, అబద్ధమెందుకు.

మార్చి 4, మంగళవారం

దాని పేరు తాతగారు. ఎలుక జాతికి గౌరవ వాచకం! "తాతగారు లేచారా?" అంటుంది వదిన పొద్దున్నే. మా మామగారిని కూడా ఈవిడ ఇంత మర్యాదగా పిలిచినట్టు గుర్తులేదు.

ఏడేళ్ళట. వాళ్ళలో ఏడేళ్ళంటే మనలో తొంభై.

మార్చి 5, బుధవారం

జంతువుల డాక్టరమ్మ ఇచ్చిన గడ్డిపొడిని గోరువెచ్చని నీళ్ళలో జారుగా కలపాలి. సూది లేని సిరంజిలోకి తీసుకోవాలి. జంతువుని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, ముందుపళ్ళ పక్కనుంచి కొంచెం కొంచెం ఎక్కించాలి, నమిలేదాకా ఆగాలి. తర్వాత పసిపిల్లలకి వేసే గ్యాస్ చుక్కలు. తర్వాత పొట్ట నిమరాలి. తర్వాత ఎన్ని పెంటికలు వేసిందో లెక్కపెట్టాలి. చిన్నవెన్ని, పెద్దవెన్ని, తోకలా సాగినవెన్ని.

నేను పెళ్ళిగౌన్లు కుట్టిన దాన్ని. ఈ చేతులతో!

మొదటి సిరంజి నా ముక్కు మీద. రెండోది గోడ మీద. మూడోది లోపలికి పోయింది. అంతసేపూ నా మొహంలోకే చూస్తూ నమిలింది, నేనేదో అప్పు పడ్డట్టు.

మార్చి 8, శనివారం

ఎనిమిది వందల తొంభై గ్రాములు. నేనెందుకు రాస్తున్నానో.

మార్చి 11, మంగళవారం

డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను, వదినకి సెలవు దొరకలేదు. పొట్ట డోలులా ఉంది, నిజం. వేలితో తడితే మోగుతోంది. ఏదో ఇంజెక్షన్ చేసింది. "ఇక్కడికి తెచ్చిన ప్రతిసారీ బెదిరిపోయి ఒక పూట తిండి మానేస్తున్నాడమ్మా. ఊరికే తిప్పకండి. రోజుకి రెండుసార్లు పొట్ట కొలిచి, బరువు చూసి, నాకు ఫోన్లో చెప్పండి. కొలిచే టేపుందా మీ ఇంట్లో?"

ముప్ఫై ఏళ్ళుగా నా మెడలో వేలాడుతున్నది మరేమిటి తల్లీ?

పొద్దున ఎనిమిదింటికి, పనికి వెళ్ళేముందు, వదిన కొలవాలి. మధ్యాహ్నం మూడింటికి నేను. నా కొలతల పుస్తకంలోనే ఒక పేజీ ఇచ్చాను. అటువైపు బ్యాంకు మేనేజరు కోటు, ఇటువైపు తాతగారు. ఛాతీ, చేతులు అక్కర్లేదు, నడుమొక్కటే.

మార్చి 12, బుధవారం

పొద్దున 11 అంగుళాలు. మధ్యాహ్నం 12.

మార్చి 13, గురువారం

11. 12.

మార్చి 15, శనివారం

11. 12. మధ్యాహ్నానికి ఉబ్బుతోంది, తెల్లారేసరికి తగ్గుతోంది. డాక్టరమ్మ ఆకుకూరలు పూర్తిగా మానెయ్యమంది, క్యాప్సికమ్ కూడా. అవి గ్యాస్ చేస్తాయట. ఎండుగడ్డి, పొడి, అంతే. క్యాప్సికమ్ బదులు విటమిన్ చుక్కలు.

బ్యాంకు మేనేజరు కోటు తీసుకెళ్ళి మళ్ళీ వచ్చాడు. జేబులో గడ్డిపోచ దొరికిందట. "ఇది మీదేమోనని" అని ఎంతో మర్యాదగా చేతిలో పెట్టాడు. ఊరు విడిచి పారిపోదామనిపించింది. వదినకి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. ఆవిడ నవ్వితే భుజాలు మాత్రమే కదులుతాయి, శబ్దం రాదు. లైబ్రరీ అలవాటట.

మార్చి 18, మంగళవారం

తనకి జ్వరం వస్తే కూడా ఇలా మూడు గంటలకోసారి చూడలేదని మావారి ఫిర్యాదు. "మీరు పెంటికలు లెక్కపెట్టించుకుంటానంటే అలాగే చూస్తాను" అన్నాను. వదిన తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది.

మావారు బస్సు డ్యూటీకి వెళ్ళిపోతే సాయంత్రాలు మేమిద్దరమే. ఆవిడ బైండింగ్ దారం మైనంతో రుద్దుకుంటూ, నేను అంచులు కుట్టుకుంటూ. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆవిడతో ఇన్ని మాటలు మాట్లాడలేదు. అలాగని ఏదో గొప్ప స్నేహమని కాదు. ఒక గదిలో ఇద్దరుంటే మాటలొస్తాయి మరి.

మార్చి 20, గురువారం

ఒక్క ముక్క. అది కూడా సన్నది.

కూరకని క్యాప్సికమ్ తరుగుతుంటే వాసన పట్టి బోను చువ్వలు పట్టుకుని లేచి నిలబడి కూసింది, కుయ్ కుయ్ మని. ఆ వయసులో నిలబడింది! వేలెడు ముక్క ఇచ్చాను. సొంతంగా తిన్నది. సిరంజి లేకుండా, కరకరమని, నా చేతిలోంచి. చెప్పొద్దూ, కళ్ళు చెమర్చాయి. ఉల్లిపాయలు కూడా తరుగుతున్నానులే.

వదినకి చెప్పలేదు. ఇంత చిన్నదానికి చెప్పేదేముంది.

మార్చి 21, శుక్రవారం

11. 12 పావు. ఒక్క ముక్క.

మార్చి 24, సోమవారం

11. 12 పావు. బరువు 850.

ఇవాళ ఏమీ పెట్టలేదు. చిన్నది పెట్టాను.

మార్చి 27, గురువారం

830.

తాతగారు ఇవాళ సిరంజి చూసి మొహం తిప్పుకున్నారు. వీపు ఎముక చేతికి తగులుతోంది. బొచ్చు కింద ఇంత చిన్న మనిషా అనిపించింది.

మార్చి 28, శుక్రవారం

డాక్టరమ్మ ఫోను. స్పీకర్లో పెట్టాం.

"రోజూ మధ్యాహ్నానికి అంగుళం పైగా ఉబ్బుతోందంటే పేగు సరిగా కదలడం లేదమ్మా. ఈ వయసులో ఆపరేషన్ చెయ్యలేం. బరువూ పడిపోతోంది. సోమవారం తీసుకురండి. నొప్పి లేకుండా నిద్రపుచ్చేద్దామా అన్నది ఈ రెండ్రోజులూ మీరిద్దరూ ఆలోచించుకోండి."

మీరిద్దరూ అంది. నన్ను కూడా కలిపి.

వదిన సిరంజి కడిగి, తుడిచి, మళ్ళీ కడిగింది.

మార్చి 29, శనివారం

నా పనే ఇది. మధ్యాహ్నం పన్నెండింటికి క్యాప్సికమ్ ముక్క పెట్టాను, మూడింటికి ఉబ్బింది. పెట్టకముందు కూడా ఉబ్బింది కదా అనుకుంటాను. కానీ పావు అంగుళం ఎక్కడినుంచి వచ్చింది? పుస్తకం ముందు పెట్టుకుని గంటసేపు చూశాను. ఏమీ తేలలేదు.

గౌను అంచు వంకరగా కుట్టి విప్పాను. ఇరవై ఏళ్ళలో మొదటిసారి.

వాళ్ళ అక్క మొహం చూడలేకపోతున్నానని మావారితో అన్నాను. "ముసలాయన టైం అయిపోయింది, నువ్వేం చేస్తావు" అన్నారు. నేనేం చేశానో ఈయనకి తెలిస్తే కదా.

మార్చి 30, ఆదివారం

చెప్పేశాను.

వదిన వంటింట్లో గడ్డి ఏరుతోంది, మెత్తటి పోచలు ఒక పక్కకి, మొద్దువి ఒక పక్కకి. వెళ్ళి ఎదురుగా నిలబడి, "వదినా, మీ తాతగారిని నేనే చంపుతున్నాను. డాక్టరమ్మ వద్దన్నాక కూడా క్యాప్సికమ్ పెట్టాను, రోజూ. దొంగచాటుగా" అన్నాను. తర్వాత ఏడుపొచ్చింది. యాభై ఏళ్ళదాన్ని, పసిపిల్లలా వెక్కి వెక్కి.

తిడుతుందనుకున్నాను. ఆవిడ గడ్డి ఏరడం ఆపింది. "ఎంత పెట్టావు?"

వేలు చూపించాను.

"ఆ మాత్రానికి అంగుళం ఉబ్బుతాడా ఎవడైనా? ఇవాళ పెట్టావా?"

"పెట్టలేదు. ఒట్టు."

"అయితే పద, చూద్దాం. ఇవాళ ఉబ్బకపోతే నీ క్యాప్సికమే. ఉబ్బితే కాదు."

ఇంకా మూడు కాలేదు, ఒంటిగంటే. తాతగారిని టేబుల్ మీద కూర్చోబెట్టాం. ఆవిడ ఎదురుగా నిలబడింది. నేను కళ్ళు తుడుచుకుని, టేపు తీసి, పొట్ట చుట్టూ వేసి చదివాను. "పన్నెండు పావు! చూశారా, ఏమీ పెట్టకపోయినా..."

"ఆ వేళ్ళేమిటి?" అంది వదిన.

"ఏ వేళ్ళు?"

"టేపు కింద. నీ రెండు వేళ్ళు."

చూసుకున్నాను. నా చూపుడువేలు, మధ్యవేలు టేపుకీ పొట్టకీ మధ్య బుద్ధిగా ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా ఉన్నట్టే. ఎవరి నడుము కొలిచినా అంతే కదా, ఊపిరి పీల్చుకోవడానికి, కూర్చుంటే పట్టెయ్యకుండా ఉండటానికి రెండు వేళ్ళ లూజు. ఈ చేతులు నన్ను అడగవు. వాటంతటవే దూరిపోతాయి.

"లూజు వదినా" అన్నాను.

"ఎవరికి లూజు? ఈయనకేమైనా ప్యాంటు కుడుతున్నావా?"

నా చేతిలోంచి టేపు లాక్కుని తను కొలిచింది. చర్మానికి అతుక్కునేలా, పుస్తకం వీపుకి గుడ్డ అంటించేటప్పుడు కొలిచినట్టు. అట్టకి దారమంత లూజు ఉన్నా పుస్తకం ఊగుతుంది, ఆవిడ చేతులు అలా నేర్చుకున్నాయి. పదకొండు. మళ్ళీ కొలిచింది. పదకొండు. నేను వేళ్ళతో కొలిస్తే పన్నెండు పావు. వేళ్ళు కాస్త అణిగితే పన్నెండు. ఈ పావు అంగుళం బెంగంతా నా వేళ్ళు కొంచెం లావుగా దూరిన రోజుల్దన్నమాట!

ఇద్దరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ముందు వదిన భుజాలు కదిలాయి. తర్వాత, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, ఆవిడ నవ్వు బయటికి వినిపించింది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. తాతగారు ఆ గోలకి బెదిరి టేబుల్ మీదే పని కానిచ్చేశారు. లెక్కపెట్టాం. పదకొండు, అన్నీ పెద్దవి.

తర్వాత వదిన నవ్వు ఆగిపోయింది. "రేపు పొద్దున్న పంపించేసేవాళ్ళం పిల్లా" అంది.

అప్పటిదాకా నాకు తట్టలేదు.

మార్చి 31, సోమవారం

డాక్టరమ్మకి చెప్పింది వదినే. నాకు నోరు రాలేదు. డాక్టరమ్మ పొట్టంతా చేత్తో ఒత్తి చూసి, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని విని, "మెత్తగా ఉంది. కదులుతోంది. నేను ఫోన్లో అంకెలు నమ్మకుండా ఒకసారి రప్పించి చూడాల్సింది" అంది. వీడికిప్పుడు జబ్బు కన్నా ఆకలే ఎక్కువట. ఆకులన్నీ మళ్ళీ మొదలు. పొడి మాత్రం ఇకముందూ రోజూ తప్పదు, గ్యాస్ చుక్కలు తప్పవు. ముసలితనం ముసలితనమే. "కానీ ఇవాళ మాత్రం కాదు" అంది.

రెండు వారాలు ఆకలితో మాడ్చాం. వేలెడు ముక్క తప్ప. నేను గొప్ప పని చేశానని రాసుకోబోయి మానేశాను. నా వేళ్ళవల్లే ఆకులు ఆగాయి కదా.

ఏప్రిల్ 5, శనివారం

860! వదిన, నేను చెరో పక్కన నిలబడి తూకం ముల్లు చూశాం. మావారు తలుపు దగ్గర నిలబడి, "ఇంట్లో నా బరువెంతో ఎవరికైనా తెలుసా?" అన్నారు. పెరిగిందని మాత్రం తెలుసన్నాను.

ఏప్రిల్ 10, గురువారం

గౌను పెళ్ళికూతురు ఆఖరి ట్రయల్‌కి వచ్చింది. నడుము కొలుస్తూ వేళ్ళు తీసేశాను. మళ్ళీ పెట్టాను. వేళ్ళు తీసేసి కొలిస్తే ఆ పిల్ల పెళ్ళిలో ఊపిరాడక పడిపోతుంది. ఎవరికి పెట్టాలో ఎవరికి తియ్యాలో చేతులకి నేర్పుతున్నాను.

తాతగారు కొత్తిమీర కట్ట కాడలతో సహా తిన్నారు.

ఏప్రిల్ 17, గురువారం

910. సొంతంగా తింటున్నారు. సిరంజి రోజుకి రెండుసార్లే, పొద్దునొకటి, సాయంత్రమొకటి. రెండూ వదిన ఇంట్లో ఉండే వేళలే.

అంటే నాతో పని లేదు.

ఏప్రిల్ 19, శనివారం

టీ తాగుతూ వదిన అంది, "ముప్ఫయ్యో తారీఖుకి వెళ్ళిపోతాను. ఎటో అటు తేలితే అన్నాను కదా, మంచివైపే తేలింది."

"సరే వదినా" అన్నాను.

మంచిదే. కటింగ్ టేబుల్ మళ్ళీ కిటికీ పక్కకి వస్తుంది. నడవాలో దీపం కింద కుట్టి కుట్టి నల్లదారమో నీలిదారమో తెలియకుండా పోతోంది. మంచిదే.

ఏప్రిల్ 22, మంగళవారం

మంచిదే అని మావారితో కూడా అన్నాను. "అన్నావుగా, నాలుగుసార్లు" అన్నారు.

ఏప్రిల్ 25, శుక్రవారం

సూట్‌కేసు మంచం మీద తెరిచి ఉంది. వదిన మడతలు పెడుతోంది. తాతగారు బోనులో బోర్లా పడి కాళ్ళు బారజాపి నిద్రపోతున్నారు, ఏ బెంగా లేని మనిషి.

ఉతికిన తువ్వాళ్ళు ఇవ్వడానికి మూడుసార్లు ఆ గదిలోకి వెళ్ళాను. ఒక్కోసారి ఒక్కో తువ్వాలు. మూడోసారి వదిన, "ఇంకా ఉన్నాయా?" అంది. "ఇంకొకటుంది" అని వచ్చేశాను.

ఆవిడ మా ఆయన అక్కే కదా, ఎక్కడికో పోవడంలేదు, బస్సెక్కితే నలభై నిమిషాలు.

ఏప్రిల్ 26, శనివారం

రేపు అడుగుతాను.

ఏప్రిల్ 27, ఆదివారం

అడిగాను. మాటలన్నీ నిన్నంతా పేర్చుకున్నాను, డాక్టరమ్మ దగ్గరని, తాతగారికి కిటికీ అలవాటైందని. ఒక్కటీ రాలేదు. గుమ్మంలో నిలబడి, "వెళ్ళకండి వదినా. నాకు బాగోదు మీరు లేకపోతే" అన్నాను.

ఆవిడ చేతిలో మడత అలాగే ఉండిపోయింది. "తాతగారి కోసమా?"

"ఆయన్ని కావాలంటే మీరు తీసుకెళ్ళండి, మీరు మాత్రం ఉండండి" అన్నాను. నేనేమంటున్నానో నాకే అర్థం కాలేదు. ఆవిడకి అర్థమైంది.

మంచం మీద కూర్చుంది. మడత ఒళ్ళో పెట్టుకుని, "నాకు గది లేదు పిల్లా" అంది.

"అంటే?"

"వచ్చిన రెండో వారంలోనే ఖాళీ చేశాను. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేనన్నాను, వేరేవాళ్ళు అడుగుతున్నారంది ఇంటామె. ఇచ్చేశాను. సామాన్లు బైండింగ్ గదిలో అట్టపెట్టెల్లో ఉన్నాయి."

"మరి ముప్ఫయ్యో తారీఖున ఎక్కడికి వెళ్దామని?"

"చూసుకునేదాన్ని ఏదో ఒకటి."

నాకు ఒళ్ళు మండిపోయింది. నెలన్నర! ఎదురుగా కూర్చుని టీ తాగుతూ నెలన్నర! "మనిషన్నాక నోరుండక్కర్లేదా? ఒక్క మాట అంటే ఏం పోయింది?" అని అరిచాను, ఇల్లంతా వినబడేలా.

"నేను వచ్చిన రోజే నువ్వు టేబుల్ వంక చూశావు కదా. ఉండమనకుండా ఎలా ఉంటాను?" అంది నెమ్మదిగా. "ఉండమనడానికి నీకు మాత్రం నోరుందా?"

లేదు. ఇంట్లో నోరున్నది ఒక్క తాతగారికే. ఆకలేస్తే కూస్తారు, నచ్చకపోతే మొహం తిప్పుకుంటారు.

నేనే సూట్‌కేసులోంచి బట్టలు తీసి అలమరాలో పెట్టాను. ఆవిడ వద్దనలేదు. తువ్వాళ్ళు అడుగున పెట్టేస్తే మళ్ళీ తీసి పైన పెట్టింది, అంతే.

రేపు పొద్దున్నే ఆవిడకి తాళంచెవి చేయించాలి. ఎనిమిది వారాలుగా బెల్లు కొట్టి లోపలికి వస్తోంది.